వారిజ సొంత గొంతు

2022 ఏప్రిల్. మదనపల్లెలో మిషన్ కాంపౌండుకు రెండు వీధుల అవతల, మేడమీద ఒక చిన్న రికార్డింగ్ గది. మామూలు రోజుల్లో అక్కడ క్రైస్తవ పాటలు రికార్డు చేస్తారు. గోడలకు శబ్దం పీల్చే ఫోము పలకలు అంటించి, కిటికీలకు దుప్పట్లు కట్టి ఉంచారు. అయినా టమాటా లారీ హారన్ కొడితే లోపలికి వినిపించేది. అది దూరంగా పోయేదాకా ఆగి మళ్లీ మొదలుపెట్టేవాళ్లం. అప్పటికి ఇరవై మూడేళ్ల వృత్తిలో నేను పెద్ద పెద్ద స్టూడియోల్లో పనిచేశాను. కానీ ఎవరైనా నా పని గురించి చెప్పమంటే ముందుగా కళ్ల ముందుకు వచ్చేది ఆ గదే.

నేను డబ్బింగ్ ఆర్టిస్టును. తెరమీద పెదాలు నటివి, మాట నాది. షూటింగులో నటి పలికిన మాటలు పైలట్ ట్రాక్ అనే పేరుతో రికార్డవుతాయి. అందులో జనరేటరు మోత, గాలి, పక్కవాళ్ల దగ్గు అన్నీ ఉంటాయి కాబట్టి అది సినిమాకు పనికిరాదు. దాన్ని హెడ్‌ఫోనులో వింటూ, ఎదురుగా తెర చూస్తూ, ఆ పెదాల కదలికకు అతికేలా మేం కొత్తగా పలుకుతాం. హాల్లో కూర్చున్నవాళ్లకు మేమనేవాళ్లం ఉన్నామని గుర్తు రాకపోతేనే మా పని బాగున్నట్టు.

నేను పుట్టి పెరిగింది మదనపల్లెలోనే. అమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సు. తాతయ్య నాచేత చర్చిలో వాక్యం చదివించేవాడు. ఒక్క అక్షరం జారినా ఇంటికొచ్చాక పదిసార్లు పలికించేవాడు. ఇంట్లో ‘యాడికి పోతాండావు’ అనుకునేవాళ్లం. పుస్తకం చేతిలోకి వస్తే ‘ఎక్కడికి వెళ్తున్నావు’ అనాలి. ఆ అలవాటే నాకు హైదరాబాదులో అన్నం పెట్టింది. దాంతోపాటు, మా ఇంటి మాట మైకు ముందు పనికిరాదనే నమ్మకం కూడా చిన్నప్పుడే నాలో పాతుకుపోయింది.

2001లో ఒక కొత్త హీరోయిన్ సినిమాకు నన్ను పిలిచారు. అమ్మాయిది కుప్పం దగ్గర శాంతిపురం. పేరు మునిరత్న. సినిమా కోసం వారిజ అని మార్చారు. ఇరవై ఏళ్లుంటాయి. చామనఛాయ, పెద్ద కళ్లు, ఏ భావమైనా దాచలేని ముఖం. తన పాత్రకు తనే గొంతు చెప్పుకుంటానని పట్టుబట్టిందట. దర్శకుడు కాదనలేక ఒక చిన్న ముక్క చెప్పి చూడమన్నారు. అద్దం అవతల బూత్‌లో ఆమె, అద్దం ఇవతల దర్శకుడు, ఇంజినీరు, నేను.

ఆమె గొంతు లావుగా ఉంది. ‘చూడు’ అనాల్సిన చోట ‘సూడు’ అంది. మూడోసారికి దిద్దుకుంది. మాటలో ప్రాణం ఉంది. ఎవరైనా పది రోజులు పక్కన కూర్చుంటే చక్కగా వస్తుందని నాకు అప్పుడే తెలిసిపోయింది.

దర్శకుడు నావైపు తిరిగారు. “మీదీ ఆ వైపే కదమ్మా. ఈ అమ్మాయి గొంతు పనికొస్తుందంటారా?”

అప్పటికి నేను ఈ పనిలోకి వచ్చి రెండేళ్లు. గుంపులో అరుపులు, పక్కింటి ఆవిడ పలకరింపులు తప్ప నాకు పాత్ర దొరకలేదు. ఇది సినిమా మొత్తం కనిపించే హీరోయిన్.

“కష్టమండీ,” అన్నాను. “అది మా వైపు పొలాల్లో మాట్లాడుకునే మాట. హీరోయిన్ నోట వినిపిస్తే హాల్లో నవ్వుతారు.”

అంతే. ఆయన తలూపారు. ఆ అమ్మాయి బూత్‌లోంచి బయటికి వచ్చి, నా దగ్గర ఆగి, “బాగుండిందా అక్కా?” అని అడిగింది.

“బాగుందమ్మా,” అన్నాను.

ఆ సినిమా ఆడింది. ఆ తర్వాత పదేళ్లపాటు వారిజ కథానాయికగా వెలిగింది. దాదాపు అన్ని సినిమాలకూ గొంతు నాదే. దర్శకులు వేరొకరిని పెడదామన్నా ఆమె ఒప్పుకునేది కాదని విని గర్వపడ్డాను. మేం కలుసుకున్నది మాత్రం చాలా తక్కువ. ఆమె నటించి వెళ్లిపోయిన రెండు నెలలకు నేను బూత్‌లోకి వెళ్లేదాన్ని. ఆమె నాకు తెరమీదే బాగా తెలుసు. ఏడవడానికి ముందు కింది పెదవిని లోపలికి లాక్కుంటుంది. అబద్ధం చెప్పే సీనులో ఊపిరి సగంలో ఆపుతుంది. నా పిల్లల ముఖాలకంటే ఆమె ముఖాన్ని ఎక్కువసేపు చూసి ఉంటానేమో.

ఒకసారి ఆమెకు పెద్ద పురస్కారం వచ్చింది. నేను ఇంట్లో టీవీలో చూస్తున్నాను. మైకు తీసుకుని రెండు ముక్కలు మాట్లాడగానే సభలో చిన్న కలకలం. ఎదుటివాళ్లు ఎదురుచూసిన గొంతు అది కాదు. ఆమె ఒక్క క్షణం ఆగి, చేతులు జోడించి దిగిపోయింది. నేను టీవీ కట్టేసి వంటింట్లోకి వెళ్లాను.

ముప్పై దాటాక వదిన పాత్రలు, తర్వాత తల్లి పాత్రలు వచ్చాయి. తన షాటు అయిపోయినా ఆమె కారవాన్‌లోకి పోకుండా కెమెరా పక్కనే నిలబడేదని, ఏ లెన్సు ఎందుకు పెట్టారో అడిగి తెలుసుకునేదని సెట్లో పనిచేసినవాళ్లు చెప్పేవారు. ముప్పై ఆరేళ్ల వయసులో, తనకంటే చిన్నవాడైన ఒక దర్శకుడి దగ్గర అసిస్టెంటుగా చేరింది. ఒకప్పుడు ఎవరి పేరుమీద టిక్కెట్లు తెగేవో ఆ మనిషి క్లాప్ బోర్డు పట్టుకుని ఎండలో నిలబడిందని పత్రికల్లో ఫొటో వేసి వెటకారం చేశారు. ఆమె రెండేళ్లు అట్లాగే నిలబడింది. ఆ తర్వాత సొంతంగా రెండు సినిమాలు తీసింది. చిన్నవి. రెండోదానికి మంచి పేరొచ్చింది. రెండింటిలోనూ ఆమె నటించలేదు. పెట్టుకున్న నియమం ఒక్కటే. తన సినిమాలో ఎవరి గొంతు వాళ్లే చెప్పుకోవాలి. అంత పట్టుదల ఎందుకో చాలామందికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. కానట్టు ఉండిపోయాను.

2022లో ఫోను చేసింది. “అక్కా, మదనపల్లెకు రావాల. డబ్బింగ్ చెప్పేదానికి కాదు. నాతో చెప్పించేదానికి.”

అది దర్శకురాలిగా ఆమె మూడో సినిమా. ఈసారి ప్రధాన పాత్ర కూడా తనే. కథ గ్రానైటు పాలిషింగ్ పనిచేసే ఒక మనిషి భార్యది. రాతి పొడి పీల్చి పీల్చి అతని ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. ఆమె అతన్ని వెంటబెట్టుకుని ఆసుపత్రుల చుట్టూ తిరుగుతుంది. షూటింగ్ రాయి కోసే షెడ్ల దగ్గరే జరిగింది కాబట్టి యంత్రాల మోతలో అక్కడి శబ్దం ఏదీ వాడుకోవడానికి కుదరలేదు. మొత్తం డబ్బింగే. హైదరాబాదు స్టూడియోలో తనకు మాట రాదనిపించి, మన వైపే చేద్దామని ఈ గది మాట్లాడింది. సౌండ్ ఇంజినీరు ఖాదర్ బాషాది మదనపల్లే. నలభై దాటిన నెమ్మదస్తుడు.

మొదటి రోజు నాలుగు సీన్లు అనుకున్నాం. సాయంత్రానికి ఒక్కటీ కాలేదు. ఆమెకు పెదాలు కలవక కాదు. లిప్ సింక్ సరిగ్గానే ఉంది. ఏదో తేడాగా ఉంది. నేను పట్టుకోలేకపోయాను. రెండో రోజు మధ్యాహ్నం ఖాదర్ హెడ్‌ఫోను తీసి నా చేతికిచ్చాడు.

“కండ్లు మూసుకొని ఇనండి మేడమ్. ఎవురు మాట్లాడతాండారో చెప్పండి.”

విన్నాను. మాట చివర సాగదీయడం, బాధలో గొంతు సన్నం చేయడం, ఊపిరి వదిలే చోటు, అన్నీ నావి. వారిజ తన ముఖానికి నన్ను పలుకుతోంది. ఇరవై ఏళ్లు తెరమీద తన ముఖం వెనక నా గొంతు వినీ వినీ, ఆ ముఖం చూడగానే ఆమెకు నేనే వచ్చేస్తున్నాను.

ఆ సంగతి చెప్పాక ఆమె హెడ్‌ఫోను తీసేసింది. “అయితే నాది యాడ పోయింది?” అంది.

సినిమాకు ఆయువుపట్టు ఒక మాట. ఆసుపత్రి వరండాలో భర్తను గొట్టాలకు తగిలించి ఉంచారు. భార్య డాక్టరును అడుగుతుంది: “ఆయప్ప ఊపిరి తీస్తా ఉండాడా సామీ, మీరు తీపిస్తా ఉండారా?” ఆయప్ప అంటే మా వైపు ‘ఆయన’ అని. మూడో రోజంతా ఆ ఒక్క మాటమీదే గడిచింది. ఆమె పలికినప్పుడల్లా అది సినిమా డైలాగులాగే వినిపించింది. గట్టిగా, గంభీరంగా, విన్నవాళ్లు చప్పట్లు కొట్టేలా. నేనైతే ఎట్లా చెప్తానో అచ్చం అట్లాగే.

ఆ సాయంత్రం నిర్మాత నాకు విడిగా ఫోను చేశారు. “సలోమిగారూ, మీరు అనుభవం ఉన్నవారు. నిజం చెప్పండి. ఆవిడ గొంతు పనికొస్తుందా? జనం చెవిలో వారిజ అంటే మీరే. మీరొక్క మాట చెబితే ఆవిడ వింటారు. రెండు రోజుల్లో మీరే పూర్తి చేసేయండి.”

రేపు చెబుతానని ఫోను పెట్టేశాను. ఇరవై ఒక్క ఏళ్ల కింద అడిగిన ప్రశ్నే ఇది. ఈసారి నాకు పాత్ర అవసరం లేదు. అయినా నిజంగా పనికొస్తుందో లేదో నాకు తెలియని స్థితి. ఎందుకంటే పైలట్ ట్రాకులో పెదాల లెక్క కోసం తప్ప ఆ గొంతును నేనెప్పుడూ సరిగ్గా వినలేదు.

నాలుగో రోజు ఉదయం ఆమె పని ఆపేసింది. “మాయమ్మను సూసి వస్తా. నువ్వూ రా అక్కా,” అంది. కారు తనే నడిపింది. పుంగనూరులో టీ కోసం ఆగాం. అంగడిలో ఉన్న ఆవిడ వారిజను చూడగానే గుర్తుపట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

“అమ్మా, నువ్వా! నీ బొమ్మలన్నీ సూసినాను. బాగుండావా?”

“బాగుండాను. రెండు టీలు ఇయ్యి అమ్మా, సక్కెర తక్కువగా,” అంది వారిజ.

ఆవిడ ముఖం జాలిగా మారింది. “అయ్యో, జలుబు సేసిందా? గొంతు పూడిపోయిండాది. మిరియాలేసి కాచిస్తానుండు.”

“వద్దమ్మా, మామూలు టీ చాలు,” అన్నాను నేను.

ఆవిడ చటుక్కున నావైపు తిరిగింది. నన్ను చూసి, వారిజను చూసి, మళ్లీ నన్ను చూసింది. టీ గ్లాసులు మా ముందు పెట్టి లోపలికి పోయింది. వారిజ ఆ టీ తాగలేదు.

ఊరు దాటాక నేను కారు ఆపమన్నాను. రోడ్డు పక్కన నిలిపింది.

“మీకు ఒక మాట చెప్పాలి,” అన్నాను. “మీ మొదటి సినిమాకు మీ గొంతు వద్దని చెప్పింది నేనే. దర్శకుడు అడిగారు. పది రోజులు నేర్పితే వస్తుందని తెలిసీ పనికిరాదన్నాను. నాకు ఆ పాత్ర కావాలి. అందుకే అన్నాను.”

ఆమె స్టీరింగు మీద నుంచి చేతులు తీయలేదు. ముందున్న రోడ్డునే చూస్తూ ఉంది.

“తెలుసు,” అంది.

“ఎవరు చెప్పారు?”

“నువ్వే చెప్పినావు. టాక్‌బ్యాక్ ఆన్‌లో ఉండింది.”

టాక్‌బ్యాక్ అంటే అద్దం ఇవతలి నుంచి బూత్‌లోని మనిషితో మాట్లాడే మైకు. మీట నొక్కితేనే పనిచేస్తుంది. ఆ రోజు ఎవరో నొక్కి వదిలేశారు. నేనన్న ప్రతి మాటా ఆమె చెవుల్లోకి వెళ్లింది.

“పొలాల్లో మాట అన్నావు. నవ్వుతారన్నావు. బయటికొచ్చి బాగుండిందా అని అడిగినా గదా. నువ్వు ఏమంటావో ఇనాలనే అడిగినా.”

నేను తల దించుకున్నాను. “మరి అన్ని సినిమాలకూ నన్నే ఎందుకు పెట్టించారు?” అని అడిగాను.

“కోపం లేకనా? శానా ఉండింది. కానీ ఎవురో ఒకరి గొంతు ఎట్లాగూ పెడతారు. నేను సెట్లో డైలాగు మన మాటల్లోనే చెప్తా ఉంటిని. పెదాలు ‘యాల’ అంటాయి, పేపర్లో ‘ఎందుకు’ అని ఉంటాది. అట్లాంటివి అతికించేది ఇంకెవురికీ చేతకాలా. నా నోరు నీకు అర్థమవతాది. అంతే.” తాళం మీద చెయ్యి వేసి అంది: “యాల ఇట్లా సేసినావని అడగాలని ఎన్నోసార్లు ఫోను తీసినా. మాట రాలా.”

క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. ఆమె కారు స్టార్ట్ చేసింది. శాంతిపురం వరకు ఎక్కడా ఆపలేదు.

ఆమె తల్లి గంగులమ్మ ఊరి చివర ఒంటరిగా ఉంటుంది. మల్బరీ తోట ఉంది, పట్టుపురుగులు పెంచుతుంది. కూతురు కట్టించిన కొత్త ఇల్లు తాళం వేసి ఉంది. ఆమె మకాం పాత ఇంట్లోనే. వారిజ లోపలికి అడుగు పెడుతూనే తల్లి మొదలుపెట్టింది.

“ఏమ్మే, సెప్పకుండా వస్తే ఏం వండేది నేను? ఆ పక్కన ఎవురు?”

“ఆకలి కాలేదు లేమా. నువ్వు మాత్తర్లు ఏసుకున్నావా లేదా, అది సెప్పు ముందు. ఈ డబ్బా యాల నిండుగా ఉండాది? ఎన్ని దినాలైంది ఏసుకొని?”

నేను గడపలోనే ఆగిపోయాను. ఇరవై ఏళ్లుగా ఆ ముఖాన్ని చూస్తున్నాను. అది మాట్లాడుతుంటే చెవిపెట్టి వినడం అప్పుడే. లావుపాటి గొంతు. కోపం కింద భయం, భయం కింద ఇంకేదో. ఒక్క అక్షరం కూడా నాది కాదు.

భోజనాలయ్యాక వారిజ తల్లికి ఆసుపత్రి సీను ఫోనులో చూపించింది. ఆ మాట నిజానికి గంగులమ్మదే. వారిజ తండ్రి చెంగప్ప పాలిషింగ్ షెడ్డులో పనిచేసి, ఊపిరి పట్టేసి, ఆసుపత్రిలో పోయాడు. వారిజ అప్పుడు విదేశంలో పాట షూటింగులో ఉంది. వచ్చేసరికి అంతా అయిపోయింది. తల్లి ఒంటరిగా డాక్టరును ఏమడిగిందో తర్వాత బంధువులు చెబితే విని, సినిమాలో రాసుకుంది.

గంగులమ్మ రెండుసార్లు చూసి ఫోను పక్కన పెట్టింది.

“నేను ఇట్ల అడగలా.”

“ఇదే మాట గదామా?”

“మాట ఇదే. నువ్వు కొట్లాటకు పోయినట్ల అడగతాండావు. డాక్టరును గట్టిగా అడిగే ధైర్యం నాకు యాడిది? ఆ డాక్టరు బూట్ల దిక్కు సూసి అడిగినా. తీపిస్తాండాము అంటాడేమోనని బయం. అడగతానే ఉండా, ఆయన సెప్పకుండా పోతే బాగుండునని అనుకుంటానే ఉండా.”

వారిజ తల్లి చెయ్యి పట్టుకుంది. “నేను ఆడ లేకపోతి,” అంది.

“ఉండి ఏం సేస్తావు? అందరం సూస్తా ఉండిందే.”

నేను బయటికి వచ్చాను. పురుగుల షెడ్డు ఖాళీగా ఉంది. పాత పంట అమ్మేశారు, కొత్త పురుగులు ఇంకా తేలేదు. గూళ్లు అల్లుకోవడానికి వాడే వెదురు చంద్రికలను గోడల పొడవునా నిలబెట్టి ఉంచారు. లోపల నిలబడి చప్పట్లు కొట్టి చూశాను. చప్పుడు ఎక్కడిదక్కడ ఆరిపోయింది. ప్రతిధ్వని లేదు. ఖాదర్‌కు ఫోను చేశాను.

మర్నాడు ఉదయానికి అతను చిన్న రికార్డరు, మైకు తీసుకుని వచ్చాడు. చెప్పి చూశాను: “తెర వద్దు. వైల్డ్ ట్రాక్ తీసుకుందాం.” బొమ్మ లేకుండా, పెదాల లెక్క లేకుండా మాటను మాత్రమే రికార్డు చేయడాన్ని అట్లా అంటారు. తర్వాత ఇంజినీరు దాన్ని ముక్కలుగా కోసి బొమ్మకు అతికించుకోవాలి. ఖాదర్ తల గోక్కున్నాడు. “ఒకటో రెండో అయితే అతికిస్తా. బొమ్మంతా అంటే శానా కష్టం మేడమ్.” అంటూనే మైకు స్టాండు నిలబెట్టాడు.

వారిజ మధ్యలో నిలబడింది. డబ్బింగులో మనిషి ఎప్పుడూ ఒంటరే. అటువైపు పాత్ర ఇంకో రోజు వచ్చి ఇంకో మూడ్‌లో చెప్పిపోతుంది. నేను ఈసారి ఆమె ఎదురుగా వెళ్లి నిలబడ్డాను.

“నేను డాక్టరును,” అన్నాను. “నాతో మాట్లాడండి.”

ఆమె నా ముఖంలోకి చూసింది. చూపు మెల్లగా కిందికి దిగి నా చెప్పుల మీద ఆగింది. గంగులమ్మ గుమ్మం దగ్గర కూర్చుని ఉంది. అప్పుడు వారిజ అడిగింది. ఎంత నెమ్మదిగా అంటే ఖాదర్ వంగి రికార్డరులో శబ్దం పెంచాడు.

“ఆయప్ప ఊపిరి తీస్తా ఉండాడా సామీ… మీరు తీపిస్తా ఉండారా?”

డాక్టరు చెప్పాల్సింది ‘మా ప్రయత్నం చేస్తున్నాం అమ్మా’ అని. నాకది కంఠస్థం. కానీ అడిగిన మనిషి ఎదుట నిలబడి ఉంటే జవాబు చెప్పడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. నేను కళ్లు తుడుచుకుంటూ వెనక్కి తిరిగిపోయాను. సినిమాలో ఇప్పుడు డాక్టరు కూడా ఏమీ చెప్పకుండా వెళ్లిపోతాడు. ఆ సీనును వారిజ తర్వాత అట్లాగే కత్తిరించి పెట్టుకుంది.

ఆ షెడ్డులో తొమ్మిది రోజులు పనిచేశాం. భర్తగా, మామగా, గుమాస్తాగా, బస్సు కండక్టరుగా ప్రతిసారీ ఎదురుగా నిలబడింది నేనే. ఇన్నేళ్లూ ఆమె కోసం మాట్లాడినదాన్ని, మొదటిసారి ఆమెతో మాట్లాడాను. ఖాదర్ రెండు నెలలు కూర్చుని అతికించాడు. కొన్నిచోట్ల పెదవి ముందు, మాట వెనక అయ్యింది. దిద్దుదామా అని వారిజ నన్ను అడిగింది. వదిలేయమన్నాను. నా వృత్తిలో అట్లాంటి సలహా ఇచ్చింది అదొక్కసారే.

షెడ్డులో పని మొదలైన రెండో రోజే నిర్మాతకు ఫోను చేశాను.

“ఆవిడ గొంతే ఉండాలండీ. నేను చెప్పను.”

“సినిమా పోతే బాధ్యత ఎవరిది?”

“తెలియదండీ. గొంతు మాత్రం ఆమెది.”

ఆయన నాతో మళ్లీ మాట్లాడలేదు. ఆ తర్వాత ఆయన సినిమా ఏదీ నాకు రాలేదు.

మరుసటి ఏడాది సినిమా కొన్ని హాళ్లలో విడుదలైంది. పెద్దగా ఆడలేదు. కుప్పంలో మ్యాట్నీకి గంగులమ్మను నేనే తీసుకెళ్లాను. వారిజ ఊళ్లోనే ఉన్నా హాల్లోకి రానంది. మా వెనక వరసలో ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. “వారిజకు ఎవురో కొత్తామె డబ్బింగ్ చెప్పినట్లుండాది. పాత గొంతే బాగుండె.” వెనక్కి తిరిగి చెప్పాలనిపించింది. ఏం చెప్పను? వాళ్ల చెవులకు ఆ అలవాటు చేసింది నేనే. మాకు కొన్ని వరసల ముందు, పాలిషింగ్ షెడ్ల నుంచి వచ్చిన ఆడవాళ్లు ఒక పదిమంది కూర్చున్నారు. ఆసుపత్రి సీను వచ్చినప్పుడు వాళ్లలో ఒకామె తలమీద కొంగు లాక్కుని ముందుకు వంగిపోయింది. పక్కనున్నామె ఆమె వీపుమీద చెయ్యి వేసి, సీను అయిపోయినా తీయలేదు.

గంగులమ్మ కూతురి సినిమాలు వేటినీ చివరిదాకా చూడలేదని ఆ రోజే తెలిసింది. “బొమ్మ నా బిడ్డదే, పలికేది ఇంకెవురో. పది నిమిషాలకే లేచొస్తా ఉంటిని,” అంది. పలికింది ఎవరో ఆమెకు తెలుసో లేదో నాకు తెలియదు. ఈసారి దీపాలు వెలిగినా ఆమె కుర్చీలోంచి లేవలేదు.

“అయిపోయిందా?” అంది. “ఇంకొంచేపు మాట్లాడి ఉంటే బాగుండు.”

వారిజ ఇప్పుడు ఇంకో సినిమా తీస్తోంది. అందులో నాకు పని లేదు, ఉండకూడదు కూడా. వేరేవాళ్లకు నేను ఇప్పటికీ చెబుతున్నాను. తెలుగు రాని నటీమణులకు, జబ్బుపడి గొంతు పోయినవాళ్లకు మా పని అవసరమే. దాన్ని తక్కువ చేయను. కానీ పని ఒప్పుకునే ముందు ఒక అరగంట ఆ నటితో కూర్చోబెట్టమని అడుగుతాను. డైలాగులు కాదు, ఇంటి సంగతులు మాట్లాడిస్తాను. రెండుసార్లు బయటికి వచ్చి, ‘ఈమెకు నేను అక్కర్లేదు, పది రోజులు టైమివ్వండి చాలు’ అని చెప్పాను. ఒక దర్శకుడు విన్నాడు, ఒకాయన వినలేదు. మనిషికి గొంతు బాగుండకపోవడం వేరు, మన చెవికి అలవాటు లేకపోవడం వేరు. ఆ తేడా తెలిసి కూడా నేను ఒకరోజు అబద్ధం చెప్పాను. ఒక మనిషి ఇరవై ఏళ్లు తన ముఖం వెనక నన్ను మోయాల్సి వచ్చింది.

వారిజ నిన్ను క్షమించిందా అని మా అమ్మ ఒకసారి అడిగింది. ఆమె అప్పుడప్పుడు ఫోను చేస్తుంది, తల్లి ఆరోగ్యం చెబుతుంది, నా మోకాలి నొప్పి గురించి అడుగుతుంది. ఆ సంగతి మాత్రం ఎత్తదు. క్షమించిందనే అనుకుంటున్నాను అని చెప్పబోయి ఆగిపోయాను. ఆ మాట ఉంటే ఆమె చెప్పాలి. ఆమె బదులు నేను చెప్పకూడదు.